పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మొన్న చింతూరు వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, మా హాస్టల్ ల్యాబ్‌కి నెట్ పెడతారంట, ఏ రౌటర్ మంచిది?" అని అడిగాడు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నేను అమలాపురం దగ్గర ఒక కాలేజీలో నెట్‌వర్క్ పని చూస్తున్నాను. చేరిన కొత్తలో జరిగింది ముందు చెప్తా. మూడు బ్లాకులు, ఐదు స్విచ్‌లు. బిగించినాయన బిల్లు తీసుకుని వెళ్లిపోయాడు. ఒకరోజు మధ్యాహ్నం గాలివానకి కరెంటు పోయింది, కాసేపటికి యూపీఎస్ కూడా ఆగిపోయింది. కరెంటు వచ్చాక లైట్లన్నీ వెలిగాయి గానీ నెట్ లేదు. కారణం చాలా చిన్నది. స్విచ్‌లో మనం చేసే మార్పు ముందు రన్నింగ్ కాన్ఫిగ్‌లో ఉంటుంది. దాన్ని స్టార్టప్ కాన్ఫిగ్‌లోకి సేవ్ చెయ్యకపోతే కరెంటు పోగానే తుడిచిపెట్టుకుపోతుంది. ఆయన మొదటిరోజు పాస్‌వర్డ్ పెట్టి సేవ్ చేశాడు. తర్వాత ఏ పోర్టు ఏ వీలాన్‌లో ఉండాలో అంతా రాసి, సేవ్ చెయ్యడం మర్చిపోయాడు. అంటే పోవాల్సిన పాస్‌వర్డ్ మిగిలింది, మిగలాల్సిన సెట్టింగులు పోయాయి!

ఫోన్ చేస్తే "ఆయ్, రేపొస్తానండి" అన్నాడు. ఆ మర్నాడే స్కాలర్‌షిప్ ఫారాలకి ఆఖరి రోజు. పిల్లలు ఆటోలెక్కి ఊళ్లో నెట్ సెంటర్ల ముందు లైన్లో నిలబడ్డారు. వాళ్లలో మన పిల్లలు కూడా ఉన్నారు. ఆటో డబ్బులు కూడా అప్పు తెచ్చుకున్నోళ్లు. ఆ రాత్రి కూర్చుని చదివితే, స్విచ్ ముందు ఉండే మోడ్ బటన్ నొక్కిపట్టి ఆన్ చేస్తే పాస్‌వర్డ్ దాటుకుని లోపలికి వెళ్లొచ్చని తెలిసింది. తెల్లారేసరికి మెయిన్ బ్లాకు వరకు లేపగలిగాను.

అప్పటినుంచి నాది ఒకటే మాట. కంపెనీ పేరు తర్వాత చూద్దాం. పెట్టె తెరిచి సరిచెయ్యగలిగిన మనిషి ఆ ఆవరణలో ఉన్నాడా, లేడా? ముందు అది అడగాలి.

తమ్ముడు అడిగిన ల్యాబ్‌కి నలభై కంప్యూటర్లు అనుకుందాం. బయటి నుంచి వచ్చే లైను ఒక్కటే. దానికి లక్షల రౌటర్ ఎందుకు? మన దగ్గర అందరూ చేసే తప్పు ఇదే. డబ్బంతా రౌటర్ మీద పోసి, చివర్లో సెట్టింగులే లేని చౌక స్విచ్ తగిలిస్తారు. ఏదో ఒకరోజు ఒక పిల్లాడు ఊడిపోయిన కేబుల్ రెండు కొసలూ అదే స్విచ్‌లో గుచ్చుతాడు. ఇక అదే డేటా గుండ్రంగా తిరిగి తిరిగి ల్యాబ్ మొత్తం స్తంభించిపోతుంది. మేనేజ్డ్ స్విచ్ అయితే స్పానింగ్ ట్రీ ఆ దారిని మూసేస్తుంది. కాబట్టి రౌటర్ మామూలుది, స్విచ్ మేనేజ్డ్‌ది తీసుకోమంటాను. చిన్న ఐఎస్‌పీలు ఎక్కువగా వాడే మైక్రోటిక్ లాంటిది మనకి సరిపోతుంది. ఏటేటా డబ్బు కట్టే పని లేదు. క్లౌడ్‌లో నడిచే కొన్ని రకాలు లైసెన్స్ గడువు అయిపోతే పనే మానేస్తాయి. ఏటా నిధులు టైముకి రావని తెలిసిన హాస్టళ్లకి అలాంటివి అంటగట్టడం నాకైతే అన్యాయమనిపిస్తుంది.

రాగి కేబుల్ వంద మీటర్లు దాటకూడదు. బ్లాకుకీ బ్లాకుకీ మధ్య అయితే వంద లోపు ఉన్నా ఫైబరే వెయ్యమనండి. పిడుగు పడితే రాగి తీగ ఆ దెబ్బని స్విచ్ దాకా మోసుకొస్తుంది, గాజు తీగ మొయ్యదు. ర్యాక్ కింద గదిలో పెట్టొద్దు. ఇక్కడ లంకల్లో గోదారి, అక్కడ శబరి, రెండూ చెప్పి రావు.

ఇంకో మాట. 2022 మే 24న జిల్లా పేరు మీద అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో రోజుల తరబడి మొబైల్ నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే ఐటీ వాళ్లు సిగ్నల్ కోసం గోదారి ఒడ్డుకి పోయారని పేపర్లలో వచ్చింది. ఇక్కడ అది వార్త. మన ఏజెన్సీలో చెట్టు కొమ్మ పడి తీగ తెగితే వారం నెట్ లేకపోవడం వార్తే కాదు. అయితే బయటి లైను పోయినా లోపలి స్విచ్ పనిచేస్తూనే ఉంటుంది కదా! ఒక పాత కంప్యూటర్‌ని సర్వర్‌గా పెట్టి, పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు, కివిక్స్‌తో వికీపీడియా అందులో వేస్తే నెట్ లేని రోజు కూడా ల్యాబ్ తెరిచే ఉంటుంది. నలభై సీట్లకీ వంద ఎంబీపీఎస్ పోర్టు చాలు.

"హాస్టల్ పిల్లలకి ఇవన్నీ ఎందుకు, డేటా ఎంట్రీ నేర్పితే చాలు" అన్న పెద్దమనిషిని నేను చూశాను. అదే మనిషి తన ఆఫీసులో నెట్ పోతే నన్నే పిలుస్తాడు. సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. నిజం స్విచ్ లేకుండానే వీలాన్‌లు, రౌటింగ్ అన్నీ అందులో చేసి చూడొచ్చు. నేను నేర్చుకున్నది అందులోనే, స్నేహితుడి ల్యాప్‌టాప్ మీద.

కొనేటప్పుడు మీ వార్డెన్ సార్‌కి మర్యాదగా ఒకటి చెప్పండి. అడ్మిన్ పాస్‌వర్డ్, కాన్ఫిగ్ ఫైలు కాపీ, ఏ కేబుల్ ఎక్కడికి పోతుందో గీసిన కాగితం, ఈ మూడూ చేతికొచ్చాకే బిల్లు మీద సంతకం. తర్వాత సార్ ముందే ఒకసారి కరెంటు తీసి మళ్లీ వెయ్యండి. సేవ్ చేశాడో లేదో అక్కడే తేలిపోతుంది.

నా దగ్గర కాలేజీ వాళ్లు పక్కన పడేసిన రెండు పాత స్విచ్‌లు, ఒక కన్సోల్ కేబుల్ ఉన్నాయి. అడిగి తీసుకున్నవే. దసరా సెలవులకి ఊరొచ్చినప్పుడు తెస్తాను. చింతూరు, మారేడుమిల్లి వైపు వాళ్లు ఎవరైనా వస్తామంటే కింద కామెంట్లో రాయండి. నలుగురికి ఒక ల్యాప్‌టాప్ ఉన్నా చాలు.