ఆర్చి కాదు, ఆట నేర్పే మనిషి కావాలి

వార్షికోత్సవం వచ్చిందంటే పూర్వ విద్యార్థులం అందరం ఒకచోట కలుస్తాం. ఫొటోలు దిగుతాం, వార్డెన్ సారుకు శాలువా కప్పుతాం, పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతాం. ఈసారి హాస్టల్ ముందు మన పేర్లతో ఒక ఆర్చి కట్టించాలని కొందరు మిత్రులు అంటున్నారు. వారి అభిమానాన్ని మేము కాదనటం లేదు. కాని ఆ డబ్బుతో చేయవలసిన పని ఇంకొకటి ఉందని మా అభిప్రాయం.

మేము ముండ్లమూరులో చదివిన రోజుల్లో ఆట అంటే కబడ్డీ, వాలీబాలే. ఫుట్‌బాల్ సంగతి ఎవరికీ పెద్దగా తెలియదు. మా డ్రిల్లు మాస్టారు ఎక్కడి నుంచో ఒక పాత బంతి తెచ్చారు. 30 మందికి ఒక్క బంతి. గాలి పోతే సైకిల్ షాపులో పంక్చర్ వేయించేవారు. బూట్లు ఎవరికీ లేవు. గ్రౌండులో పల్లేరు కాయలు ఏరిన తర్వాతే ఆట మొదలు. ఏరేవాళ్ళలో మాస్టారే ముందుండేవారు. బంతి వదలకుండా పరుగెత్తేవాణ్ణి పట్టుకుని, "ఏరా, బంతి నీ ఒక్కడిదేనా? పక్కన వాడు కనపడలేదా?" అని కసిరేవారు.

ఒక సంగతి మేమెవ్వరం మరచిపోలేదు. పొగాకు పనుల రోజుల్లో మా గోల్‌కీపర్‌ను వాళ్ళ నాన్న బ్యారన్ పనికి పెట్టుకుని హాస్టల్‌కు పంపటం మానేశాడు. మాస్టారు సైకిలేసుకుని ఆ ఊరికి వెళ్ళారు. చదువు గురించి ఒక్క మాట ఎత్తలేదట. "పోటీ ఉంది, మీవాడు లేకపోతే జట్టే లేదు" అన్నారట. ఆ పోటీ పక్క ఊరి పిల్లలతో ఆడే మామూలు ఆట. వాడు వచ్చాడు, మేము ఓడిపోయాం కూడా. కాని వచ్చినవాడు మళ్ళీ బ్యారన్‌కు పోలేదు, పదో తరగతి పాసయ్యాడు. మా బ్యాచ్‌లో అలా ఇంటిదగ్గర ఆగిపోయి, ఎవరూ వెళ్ళి పిలవనివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు ఈ సంచిక చదవరు.

హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి గురించి తెలిసినప్పుడల్లా మాకు మా మాస్టారే గుర్తుకు వస్తారు. రహీం గారు కూడా మొదట బడిపంతులే. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు ఆయన చేతుల మీదుగానే 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

అయితే 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఇదే కోచ్ ఆధ్వర్యంలో మనవాళ్ళు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారని చాలామందికి తెలియదు. ఆ జట్టులో చాలామంది ఉత్త కాళ్ళతోనే ఆడారు. రహీం గారు ఆ ఓటమితో ఆగిపోలేదు. బంతిని దగ్గర పెట్టుకోకుండా వెంటనే అందించే పోటీలు, చేతకాని కాలితోనే ఆడే పోటీలు పెట్టి పిల్లలకు కొత్త ఆట నేర్పారు. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్ ఫలితం వచ్చింది.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేదింటి కుర్రవాడు. ప్రాక్టీసుకు వచ్చిపోయేందుకు సైకిల్ అద్దె డబ్బులు రహీం గారే ఇచ్చారని బలరాం తర్వాత చెప్పుకున్నారు. ఆ కుర్రవాడే మెల్‌బోర్న్‌లోను, జకార్తాలోను ఆడాడు. జకార్తా నాటికే రహీం గారు జబ్బుతో ఉన్నారు. 1963లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన దగ్గర ఆడిన పి.కె. బెనర్జీ తర్వాత తానే పేరున్న కోచ్ అయ్యారు. 2024లో ఆయన కథతో 'మైదాన్' సినిమా వచ్చేదాకా మన కుర్రాళ్ళలో ఎక్కువమందికి ఆయన పేరే తెలియదు.

ఇదంతా పెద్ద ఊళ్ళ సంగతి, హాస్టల్ పిల్లలకు ఎక్కడ సాధ్యం అనవచ్చు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. భువనగిరి గుట్ట మీద శేఖర్‌బాబు గారు వాళ్ళకు కొండ ఎక్కటం నేర్పారు. కొండలు మన చుట్టూ కూడా ఉన్నాయి. నేర్పే మనిషే కావాలి.

ఆటలాడితే చదువు చెడుతుందని తల్లిదండ్రులు భయపడతారు. మాలో ఎవరూ పెద్ద ఆటగాళ్ళు కాలేదు. టీచర్లమయ్యాం, కండక్టర్లమయ్యాం, కొందరం సేద్యం చేసుకుంటున్నాం. ఆట వల్ల ఎవరి చదువూ చెడలేదు. సాయంత్రం బంతి ఉందన్న ఆశతోనే మాలో కొందరం పొద్దున బడికి పోయాం.

కాబట్టి మా సూచన ఇది. దర్శి, అద్దంకి వైపు ఆటలు తెలిసిన యువకులు ఉద్యోగం లేక ఉన్నారు. వాళ్ళలో ఒకరికి నెలకు ఇంత అని ఇచ్చి సాయంత్రాలు హాస్టల్‌కు రప్పిద్దాం. బంతులు, వల, దెబ్బలకు మందుల పెట్టె, పోటీలకు వెళ్ళే పిల్లల బస్సు ఛార్జీలు మన సంఘమే పెట్టుకోవాలి. ఏ పిల్లవాడైనా ఇంటిదగ్గర ఆగిపోతే మనలో ఒకరు వెళ్ళి పిలుచుకురావాలి. దీనికి డబ్బు కూడా అక్కరలేదు.

మా మాస్టారు రిటైరయ్యాక ఎన్నోసార్లు కబురు చేశారు. రేపు, మాపు అనుకుంటూనే ఉన్నాం. చివరకు ఆయన దినానికి మాత్రం అందరం వెళ్ళాం. వాళ్ళింట్లో గోడకు మా జట్టు ఫొటో ఉంది. దాని కింద మా అందరి పేర్లు ఆయన చేత్తోనే రాసి ఉన్నాయి. మన పేర్లు ఒకచోట ఉన్నాయి తమ్ముళ్ళూ, ఇంకో ఆర్చి ఎందుకు?