అద్దె బాకీ పడినవారికి జకాత్

2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేటలో ఎకరం భూమి ధర వేలంలో వంద కోట్ల రూపాయలు దాటింది. అదే నగరంలో ఫ్లైఓవర్ల కింద, ఆసుపత్రి గోడల వెంట, దర్గాల ముంగిట రాత్రులు గడిపేవారు ఉన్నారు. 2011 జనగణన ప్రకారం దేశంలోని పట్టణాలలో ఇల్లు లేనివారు 9 లక్షల 38 వేల మంది. అవే పట్టణాలలో తాళం పడి ఖాళీగా ఉన్న ఇండ్లు కోటీ పది లక్షలు!

కాలిబాట మీద పడుకున్నవారిని చూసి మనం జాలిపడతాం, ఒక దుప్పటి కప్పి వస్తాం. కాని వారిలో ఎందరో నిన్నమొన్నటి దాకా ఒక గదికి కిరాయిదారులే. ఇంటి పెద్ద మంచాన పడతాడు, కూలి ఆగుతుంది, రెండు నెలల అద్దె నిలిచిపోతుంది, అడ్వాన్సు కాస్తా అందులో చెల్లిపోతుంది. మూడో నెల సామాను వీధిలో ఉంటుంది. కొన్నాళ్లు చెల్లెలి ఇంట, కొన్నాళ్లు బావమరిది వరండాలో. ఆ తరువాత ఎవరూ అడగరు.

ఆ కుటుంబాన్ని మూడో నెలకు ముందే ఆదుకోవడానికి షరీఅత్‌లో మార్గం ఉంది. తౌబా సూరా 60వ ఆయతులో పేర్కొన్న ఎనిమిది జకాత్ పద్దులలో రుణగ్రస్తులది ఒకటి. నిలిచిపోయిన అద్దె కూడా రుణమే. అప్పు పోగా నిసాబ్ మిగలని వ్యక్తికి ఆ బాకీ తీర్చుకునేందుకు నిస్సంకోచంగా జకాత్ ఇవ్వవచ్చు.

ప్రతి రమజాన్‌లోనూ ఇంటి యజమానులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంటారు: “కిరాయిదారు బాకీని వదిలేసి, దాన్ని మా జకాత్‌లో లెక్క వేసుకోవచ్చా?” హనఫీ ఫిఖ్ ప్రకారం అది చెల్లదు. జకాత్ సొమ్ము అర్హుని చేతికి అందాలి, అతడు దానికి యజమాని కావాలి. దీనినే తమ్లీక్ అంటారు. ముందు సొమ్ము అతని చేతికివ్వండి. ఆపైన అతడు అందులోనుంచే మీ బాకీ తీర్చితే పుచ్చుకోవచ్చు. జకాత్‌తో ముడిపెట్టకుండా మాఫీ చేస్తే అది వేరే పుణ్యం. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువివ్వమని, వదిలేస్తే మరీ మేలని బఖరా సూరా 280వ ఆయతు బోధిస్తున్నది.

ఇదే తమ్లీక్ నియమం వల్ల జకాత్‌తో ఆశ్రయ గృహం కట్టించడం కుదరదు. దానికి సదఖా ఉంది, వక్ఫ్ ఉంది. మదీనాలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మస్జిద్‌లోనే ఒక పక్క నీడ కల్పించి, ఇల్లూ వాకిలీ లేని సహాబాలకు చోటిచ్చారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఆ సుఫ్ఫా వాసులలో ఒకరు. నేటి మన మస్జిద్‌లకు పాలరాయి వచ్చింది, ఇషా కాగానే తాళమూ వచ్చింది.

రమజాన్‌లో ఒకే ఇంటికి నాలుగు రేషన్ కిట్లు చేరడం చూస్తూనే ఉన్నాం. ఆ జాబితాలు రాసే మస్జిద్ కమిటీలు ఈసారి ‘అద్దె ఎన్ని నెలలు బాకీ?’ అనే గడి ఒకటి చేర్చుకోవాలని మా విన్నపం.