పిలకాయల చెవికి అందే పుస్తకం

ఒకటవ తరగతి పిల్లలకు ఏ పుస్తకం చదివి వినిపించవలెనన్న ప్రశ్న చాలమందికి చిల్లర సంగతిగా తోచవచ్చు. బోధనా మాధ్యమాన్ని గురించీ, బడుల విలీనాన్ని గురించీ, ఉపాధ్యాయుల బదిలీలను గురించీ ఇంత చర్చ జరుగుతూ ఉండగా బొమ్మల పుస్తకాల ముచ్చట ఎవరికి కావలెను? కాని ఆ చర్చలన్నీ ఏ పిల్లవాని పేరిట సాగుతున్నవో ఆ పిల్లవానికి బడిలో మొదటి ఏడు చదవటం రాదు. అతడు వింటాడు, చూస్తాడు. తక్కిన చదువంతా ఆ వినికిడి మీద నిలువవలసినదే.

పుస్తకాలకు కరువు వచ్చిన కాలం కాదిది. 2020లో ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ ‘చదవడం మాకిష్టం’ అనే కార్యక్రమాన్ని ఆరంభించింది. ఆ విద్యాసంవత్సరం నుంచే ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా ఉండే పాఠ్యపుస్తకాలు బడులకు వచ్చినవి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో నెలకొల్పిన స్టోరీవీవర్ ద్వారా తెలుగు బొమ్మల కథలు ఉచితంగానే దొరుకుతున్నవి. మదరాసు నుంచి తులికా వారు, సికిందరాబాదు నుంచి మంచి పుస్తకం వారు పిల్లల పుస్తకాలు వెలువరిస్తూనే ఉన్నారు. ఇన్నింటిలో ఏది చేతికి తీసుకోవలె, దేనిని బీరువాలోనే ఉండనీయవలె అన్నది ఈనాటి చిక్కు.

చిత్తూరికి దగ్గరి పల్లెబడిలో ఒకనాడు చూసిన సంగతి చెబుతాను. ఉపాధ్యాయిని పుస్తకం పైకెత్తి, బొమ్మ చూపి, ‘ఇవి ఏమిటి?’ అని అడిగినారు. ‘చెనిక్కాయలు టీచర్!’ అని పది గొంతులు ఒక్కమారు లేచినవి. ‘అట్లా అనకూడదు, వేరుశనగ కాయలు అనవలె’ అని ఆమె దిద్దినారు. ఆమెను తప్పు పట్టలేము, పుస్తకంలో ఆ మాటే ఉన్నది. కాని ఆ తరువాత ఆమె అడిగిన మూడు ప్రశ్నలకు ఒక్క గొంతూ లేవలేదు. చెనిక్కాయలు ఏరి, ఒలిచి, కాల్చుకొని తిన్న పిల్లలకు తమకు తెలిసిన వస్తువే పుస్తకంలోకి వెళ్ళేసరికి పరాయిదైపోయినది.

మన ప్రాంతంలో ఈ చిక్కు మరింత ముడిపడి ఉన్నది. 1911లో ఏర్పడిన పాత చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్‌లో విడిపోయి, తిరుపతి వేరు జిల్లా అయినది, మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరినది. గీతలు మారినా పలుకు మారలేదు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో అరవం మాట్లాడే పిల్లలున్నారు. పలమనేరు దాటితే కన్నడం వినిపిస్తుంది. మదనపల్లెలో ఉరుదూ ఇంటి భాషగా గల పిల్లలు తక్కువేమీ కారు. వీరందరికీ పొత్తుగా ఉన్నది ‘పిలకాయలు’, ‘సంగటి’ అనే మాటలు నడిచే వీధి తెలుగు. ఆ తెలుగు అచ్చుకెక్కదని అనటానికి వీలులేదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి ‘మిట్టూరోడి కథలు’, ‘సినబ్బ కథలు’ మన కళ్ళ ఎదుట ఉన్నవి. అయిదేళ్ళ బిడ్డ ఒళ్ళో పెట్టే బొమ్మల పుస్తకంలో మాత్రం ఆ పలుకు అంతగా నా కంట పడలేదు.

అయితే మన ఊరి బొమ్మలు, మన ఊరి మాటలు తప్ప మరేవీ పనికిరావన్న వాదానికి నేను ఒప్పుకోను. వెనుక మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణలుగా తెలుగు పుస్తకాలు వచ్చేవి, విశాలాంధ్ర వారు అమ్మేవారు. వాటిలో మంచు, ఎలుగుబంట్లు, ఉన్ని టోపీలు. మంచు మొగమెరుగని రాయలసీమ పిల్లలు వాటిని అట్టలు ఊడేదాకా చదివించుకున్నారు. పెద్ద బొమ్మలు, చవక వెల ఒక కారణం. ఉప్పల లక్ష్మణరావుగారి వంటి అనువాదకుల తెలుగు మరొక కారణం. 1991లో సోవియట్ రాజ్యంతో పాటు ఆ పుస్తకాలూ పోయినవి. అందుచేత పుస్తకంలోకి మంచు వచ్చినంతమాత్రాన బెదరనక్కరలేదు. ‘ఎలుగుబంటి చేత తేనె తినబడినది’ వంటి వాక్యం వస్తే మాత్రం ఆ పుస్తకాన్ని మూసివేయవలె. అటువంటి తెలుగు ఏ అవ్వా ఏ మనుమనికీ చెప్పి ఉండదు.

చెవికి ఇంపైన కథ ఎట్లా ఉంటుందో తెలియాలంటే ఏడు చేపల కథను తలచుకొంటే చాలును. చేప ఎండకపోవటానికి కారణం గడ్డిమోపు, మోపుకు కారణం ఆవు, ఇట్లా ఒకదాని వెనుక ఒకటి చీమ దాకా పోతుంది. ప్రతిమెట్టు దగ్గరా ప్రశ్న మళ్ళీ వస్తుంది కనుక మూడవసారికి పిల్లలే అడగటం మొదలుపెడతారు. చెప్పేవాడు ఒక్కడు, చెప్పేది నలభైమంది. మంచి బొమ్మల పుస్తకంలోనూ ఈ ఎడం ఉండవలె. ‘ఎర్రబంతి దొర్లింది’ అని రాసి, దొర్లుతున్న ఎర్రబంతినే వేస్తే బిడ్డ చెప్పటానికి మిగిలేదేమిటి? బంతి ఎక్కడికి పోయిందో బొమ్మ చెప్పవలె, మాట మౌనంగా ఉండవలె. కథ చివర నీతివాక్యం తగిలించిన పుస్తకాలను గురించి ఎక్కువ చెప్పను. నీతి మొదలుకాగానే పిల్లలు లేచి నిలబడటం ఉపాధ్యాయులెరిగినదే.

‘చందమామ’ ఉండగా వేరే బొమ్మల పుస్తకమెందుకని పెద్దలు అడుగుతూ ఉంటారు. 1947లో పుట్టిన ఆ పత్రిక మూడు తరాలను చదువరులను చేసినది, నిజమే. కాని అది చదవనేర్చిన పిల్లలది. అరచేతి వెడల్పు బొమ్మ వెనుక వరుసకు ఆనదు. తరగతికి పుస్తకం ఎంచేటప్పుడు నాలుగు బారల దూరాన నిలిచి చూడవలె. బొమ్మ చిన్నదైతే పిల్లలను పదేసిమందిగా దగ్గర కూర్చోబెట్టుకోవలె. రెండు భాషల పుస్తకమైతే ఒక పూటకు ఒక భాషే చదవటం మేలు. వాక్యం వాక్యానికీ భాష మారిస్తే కథ కుంటుతుంది.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వారు తమ పల్లెబడులలో పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి, మెట్లు మెట్లుగా కార్డులు చేసి, చుట్టుపట్ల జీవితాన్ని వాటిలోకి తెచ్చినారు. మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు అక్కడికి వచ్చి చూసిపోయిన తరువాతనే కర్ణాటకలో ‘నలి-కలి’ రూపుదిద్దుకొన్నది. మన ఇంటి వెలుగును పొరుగువారు ముందు గుర్తించినారు. ఆ పనిలో ముఖ్యమైనది కార్డు కాదని నా అభిప్రాయం. బిడ్డ ఎదుట ఏమి పెట్టవలెనో ఆ బిడ్డను ఎరిగినవారే నిర్ణయించినారు.

నేడు బడి గ్రంథాలయాలకు పుస్తకాలు చాలవరకు పైనుంచి కట్టలుగా దిగుతవి. కొనేటప్పుడు ఒకటవ తరగతి పంతులమ్మను అడిగేవారు అరుదు. అడిగేదాకా ఆగనక్కరలేదు. కాంప్లెక్సు సమావేశంలో ఒక గంట కేటాయించి, వచ్చిన పుస్తకాలలో అయిదింటిని ఒకరికొకరు బిగ్గరగా చదివి వినిపించుకొంటే నాలుక తడబడే పుస్తకం దానంతట అదే తేలుతుంది. నలుగురు పిలకాయలను ఎదుట కూర్చోబెట్టుకొంటే తీర్పు మరింత త్వరగా వస్తుంది. రెండవ పుట దగ్గరనే వారు కిటికీ వైపు చూస్తే ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి మరొకటి తీయవచ్చు.