జైసల్మేరు సరే... బందరు చూశారా?

గుడివాడ నుంచి ఒక పాఠక మిత్రుడు ఉత్తరం రాశాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరమట. నలుగురు స్నేహితులు కలిసి ఏడాదిగా డబ్బులు కూడబెడుతున్నారట, రాజస్థాన్ వెళ్లడానికి. బస్సులో నలభైమందితో కాదండోయ్! సొంతంగా కారు, సొంతంగా గైడు. జైపూరు, జోధ్‌పూరు, జైసల్మేరు, అక్కణ్ణించి ఎడారిలో ఒంటె సవారీ. "మీరు సినిమా మనిషి కదా సార్, అక్కడ ఏయే సినిమాలు తీశారో రాయండి. ఆ స్పాట్లలోనే ఫొటోలు దిగుతాం" అని కోరిక.

రాస్తాను, దానికేం! జైసల్మేరు కోటని ఊరూరా తెలిసేలా చేసింది సత్యజిత్ రే 'సోనార్ కేల్లా' (1974). పసుపుపచ్చ రాతికోట ఎండలో బంగారంలా మెరుస్తుంటే, ఆ సినిమా చూసిన బెంగాలీలు మూటాముల్లే సర్దుకుని రైలెక్కారు. అంతకుముందు సునీల్‌దత్ 'రేష్మా ఔర్ షేరా' (1971) కోసం యూనిట్‌నంతా తీసుకెళ్లి అక్కడి ఇసుకలోనే డేరాలు వేయించాడు.

నేనూ వెళ్లొచ్చాను లెండి, ఇదే పద్ధతిలో. మా గైడు మనిషి మంచివాడే గానీ టేపురికార్డరు. "1156లో రావల్ జైసల్..." అని మొదలెట్టాడంటే మధ్యలో ఆపడానికి లేదు. మనం ప్రశ్న వేస్తే మళ్లీ 1156 దగ్గర్నుంచి రీలు తిప్పేవాడు. ఇసుక తిన్నెల మీద పావుగంట ఒంటె ఎక్కి, దిగి, నడుం పట్టుకుని లాడ్జికి చేరాను. బాగుంది, కాదనను. కోట కోటలాగే ఉంది, ఎడారి ఎడారిలాగే ఉంది. గైడు లేకపోయినా బాగుండేదే.

అయితే గుడివాడ కుర్రాడివి కాబట్టి నిన్నొక మాట అడుగుతాను తమ్ముడూ. మీ ఊళ్లో బౌద్ధుల కాలంనాటి స్తూపం దిబ్బ ఉంది, ఎప్పుడైనా ఎక్కావా? (జనం దాన్ని పిలిచే పేరు ఇక్కడ రాస్తే మా ఎడిటరుగారు కత్తెర వేస్తారు. మీ నాన్నగారిని అడుగు, ఆయనా చెప్పరు!) పార్శ్వనాథుడి గుడి లోపలికి వెళ్లావా? వెళ్లలేదని నాకు తెలుసు. ఎందుకంటే పోయిన చలికాలం దాకా నేనూ వెళ్లలేదు.

పోయిన చలికాలం ఏం జరిగిందంటే, ఒక పెళ్లికి గుడివాడ వచ్చి రెండు రోజులు ఖాళీగా దొరికాను. బంధువుల అబ్బాయి కారు నడుపుతానన్నాడు. గైడుగా ఒక రిటైరైన సోషల్ మాస్టారిని కుదిర్చారు. అరవై అయిదేళ్లుంటాయి. తెల్ల చొక్కా, చంకలో గొడుగు. కారెక్కకముందే ఫీజు చెప్పేశారు. "ఊరికే చెబితే అది పాఠం, డబ్బు తీసుకుంటే టూరు. పాఠం ఎవరూ వినరు బాబూ" అన్నారు. నాకు మనిషి అప్పుడే నచ్చేశాడు.

గుడివాడ దిబ్బ దగ్గర మా డ్రైవరు కుర్రాడు పట్టుమని పది నిమిషాలు నిలబడలేదు. "సినిమావాళ్ల ఊళ్లు చూపించండి మాస్టారూ" అని ఒకటే గోల. మాస్టారు గొడుగుతో గాలిలో ఒక చుట్టు చుట్టారు. "అటు నిమ్మకూరు, రామారావుగారు. ఇటు రామాపురం, నాగేశ్వరరావుగారు. చౌటపల్లి, ఘంటసాలగారు. ఇప్పుడు మనం పోయే దారిలో కవుతరం, సత్యనారాయణగారు. ఇంతకన్నా ఏం కావాలిరా నీకు?" ఒక్క గొడుగు చుట్టులో తెలుగు సినిమా సగం వచ్చేసింది! ఘంటసాలగారు ఘంటసాలలో పుట్టారనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాదు, అది ఇంటిపేరు. పుట్టింది 1922లో చౌటపల్లిలోనే.

కవుతరం మీదుగా పెడన. అక్కడ కలంకారీ అద్దకం. టేకు చెక్క మీద చెక్కిన అచ్చులు, కరక్కాయ రసం పట్టించిన గుడ్డ, అచ్చు మీద చేత్తో ఒక్క దెబ్బ. కాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ అచ్చుతో అద్దుతారు. పదిహేడో శతాబ్దంలో ఈ గుడ్డ ఓడలెక్కి పర్షియా వెళ్లేది. బందరు అనే మాటే పారశీకం, ఓడరేవు అని అర్థం. ఇక్కడ బందరు, అక్కడ బందర్ అబ్బాస్. "నువ్వు ఎడారి ఎడారి అంటావే, ఆ ఎడారి దేశం దొరసానులు కట్టింది మన పెడన గుడ్డ" అన్నారు మాస్టారు నా వంక చూసి. జైసల్మేరు కబుర్లు నేను కాస్త ఎక్కువ చెప్పినట్టున్నాను.

బందరు చేరేసరికి మధ్యాహ్నం. ముందు లడ్డూ, తర్వాతే చరిత్ర. అది నా రూలు.

ఇక చరిత్రంటారా, రెండువేల ఏళ్ల నాడు గ్రీకు నావికులు రాసుకున్న పుస్తకంలో మసాలియా అని ఈ తీరం పేరుంది. గోల్కొండ నవాబుల రేవు ఇదే. ఇంగ్లీషువాళ్లు తూర్పు తీరంలో మొట్టమొదట కొట్టు పెట్టింది ఇక్కడే, 1611లో. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు అందరూ దిగారు. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివాళ్ల చేతిలోంచి కోట లాక్కున్నాడు. ఇంత కథ ఉన్న కోట చూద్దామని వెళితే, తమ్ముడూ, అక్కడున్నది నాలుగు పాత గోడలు, తుమ్మ చెట్లు. కాస్త దూరంలో డచ్చివాళ్ల సమాధులు, వాటి మీద చెక్కిన వంశ చిహ్నాలు, మనకి అర్థంకాని అక్షరాలు. అంతే.

"ఇక్కడేం లేదు కదా సార్!" అనేశాడు డ్రైవరు. సెల్‌ఫోను తీసినవాడు మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

మాస్టారు నొచ్చుకోలేదు. గొడుగు మొనతో నేలమీద గీత గీశారు. "1864 నవంబరు ఒకటి రాత్రి. తుపాను. సముద్రం ఊళ్లోకి వచ్చింది. సుమారు ముప్ఫయి వేలమంది పోయారు. ఒక్క రాత్రి. అసలే మద్రాసు రేవు పెద్దదయి, ఇక్కడి రేవు పూడికతో మూలపడుతోంది. ఆ రాత్రితో పూర్తయింది. జైసల్మేరుకి బొంబాయి రేవు దెబ్బ, వర్తకం ఒంటెలు దిగి ఓడలెక్కింది. మన రేవుని సముద్రమే కొట్టింది. అక్కడ రాయి కాబట్టి మిగిలింది. ఇక్కడ బురద. బురదలో ఏం మిగుల్తుంది బాబూ? చెప్పేవాడు మిగలాలి, అంతే."

ఆ మాట విన్నాక నాకు ఇంకో బందరు మనిషి గుర్తొచ్చాడు. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్యగారు 1869లో ఈ ఊళ్లోనే పుట్టారు. మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతూ, బొమ్మా మాటా కలిపి చూపించే యంత్రం కొని దేశాలు తిరిగి ప్రదర్శనలిచ్చారు. మద్రాసులో గెయిటీ థియేటరు కట్టారు. కొడుకు ప్రకాశ్ చేత 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీయించారు. ఆయన పేరుమీద 1980 నుంచి అవార్డు ఇచ్చారు. కానీ ఆ 'భీష్మ ప్రతిజ్ఞ' ప్రింటు మనకి మిగల్లేదు. మనం చదువుకోవడమే తప్ప చూడలేం. బందరు కోట కూడా అలాంటి సినిమానే! ప్రింటు పోయింది, కథ చెప్పేవాళ్లున్నారు. మా చిన్నప్పుడు పట్నం వెళ్లి సినిమా చూసొచ్చినవాడు అరుగు మీద కూచుని ఫైటింగులతో సహా కథ చెబితే, చూడనివాళ్లం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. మాస్టారి టూరు సరిగ్గా అలాగే ఉంది.

డ్రైవరు కుర్రాడి మొహం మళ్లీ వెలిగింది సెయింట్ మేరీ చర్చి దగ్గర. అక్కడ లవ్ స్టోరీ ఉంది మరి! అరబెల్లా అనే అమ్మాయిని ఒక దొర ప్రేమించాడని, 1809లో ఆమె చనిపోతే సమాధి మీద ఈ చర్చి కట్టించాడని చెబుతారు. "సార్, ఇది సినిమా తీస్తే..." అని నా చెవి కొరికేశాడు. నిర్మాత దొరికితే చెబుతానన్నాను.

సాయంత్రం మంగినపూడి బీచి. ఇసుక కాదు, నల్లమట్టి. పాదం పెడితే చల్లగా కూరుకుపోతుంది. ఆ చుట్టుపక్కల 2023లో కొత్త రేవు పనులు మొదలయ్యాయి.

రెండో రోజు దివిసీమ. చల్లపల్లి దాటి, ఘంటసాలలో స్తూపం చూసుకుని, పులిగడ్డ అక్విడక్టు మీదుగా అవనిగడ్డ. కృష్ణ రెండు పాయలుగా చీలితే వాటి మధ్య, సముద్రానికి ఎదురుగా ఉన్న నేల దివిసీమ. ఆ ఉదయం నుంచి మాస్టారు మాట్లాడటం తగ్గించేశారు. ఫీజు ఎక్కువ అడగాలనుకుంటున్నారేమో అనుకున్నాను. పాపిష్టి బుద్ధి!

హంసలదీవిలో వేణుగోపాలస్వామి దర్శనం అయ్యాక సాగర సంగమం వైపు వెళ్లాం. సరుగుడు తోపులు, మడ చెట్లు, ఆపైన ఇసుక. గాలికి ఇసుక మీద అలలు అలలుగా గీతలు పడి ఉన్నాయి. అచ్చం జైసల్మేరే, ఒంటెలు తక్కువ! ఆ మాటే పైకి అన్నాను.

మాస్టారు గొడుగు మూసేశారు. "ఎడారి నేనూ చూశాను బాబూ. ఇక్కడే. మా ఊరి మీద."

1977 నవంబరు. అప్పుడాయనకి పదిహేడేళ్లు. సంగమానికి దగ్గర్లోనే చిన్న ఊరు. అమ్మ, నాన్న, ఇద్దరు చెల్లెళ్లు. పద్దెనిమిదో తేదీ శుక్రవారం, పరీక్ష ఫీజు కట్టాలని ఇంట్లో అబద్ధం చెప్పి, బస్సెక్కి బందరు వెళ్లాడు, 'యమగోల' చూడ్డానికి. అక్టోబరులో విడుదలైన రామారావుగారి సినిమా, అప్పటికి కుర్రాళ్లందరూ దాని గురించే చెప్పుకుంటున్నారు. రాత్రి సెకండ్ షో. "రామారావుగారు యమలోకం వెళ్లారు. సత్యనారాయణగారు సింహాసనం మీద కూచున్నారు. అక్కడ కరెంటు పోయింది. గాలి మొదలైంది." హాల్లో ఈలలు, కేకలు. ఎంతసేపు చూసినా కరెంటు రాలేదు. మేనత్త ఇంట్లో పడుకున్నాడు. తెల్లారి బస్సుల్లేవు. పంతొమ్మిదో తేదీ సాయంత్రం ఉప్పెన.

మీ అమ్మానాన్నలని అడగండి, ఆ తేదీ చెబుతారు. ప్రభుత్వం లెక్కల్లోనే పదివేలమందికి పైగా పోయారు. ఎక్కువమంది దివిసీమవాళ్లు. రామారావుగారు, నాగేశ్వరరావుగారు తోటి నటులతో కలిసి జోలె పట్టి విరాళాలు పోగు చేశారు. ఇప్పుడు తీరం వెంట కనిపించే తుపాను షెల్టర్లు ఆ తర్వాత కట్టినవే.

"మూడు రోజులు నడిచి వచ్చాను. దారి తెలియలేదు. గుర్తు పట్టడానికి చెట్టు లేదు, ఇల్లు లేదు. పొలాల మీద ఇసుక మేట. మా ఇల్లు ఎక్కడో అడుగులు కొలుచుకుని వెతుక్కున్నాను, గుడి మెట్టు దగ్గర్నుంచి నలభై అడుగులని చిన్నప్పటి లెక్క." ఆగారు. "ఫీజు డబ్బులు జేబులో ఉన్నాయి. ఆరు రూపాయలు. టిక్కెట్టు పోను."

నేనేం మాట్లాడలేదు. ఏం మాట్లాడతాం?

కాసేపటికి ఆయనే అన్నారు. "అబద్ధం చెప్పి బతికాను. అదొక్కటీ ఎవరికీ చెప్పలేదు. మీరు సినిమా పత్రికవాళ్లు కాబట్టి చెప్పాను. నా పేరు మాత్రం వేయొద్దు." వేయలేదు. అడిగి, ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను.

తిరిగొస్తూ కోడూరు దాకా కారులో ఎవరం నోరు విప్పలేదు. అప్పుడు డ్రైవరు కుర్రాడు, ఇరవై మూడేళ్ల వాడు, అద్దంలోంచి మాస్టారిని చూసి మెల్లిగా అడిగాడు. "అయితే మాస్టారూ, ఆ సినిమా మిగతాది మీరు చూడనే లేదా?"

"టీవీలో వస్తుంది కదరా ఎన్నోసార్లు. అక్కడి దాకా వచ్చేసరికి లేచి బయటికి పోతాను."

"నేను చాలాసార్లు చూశాను. చెప్పమంటారా?"

మాస్టారు జవాబివ్వలేదు. వద్దనీ అనలేదు. కుర్రాడు మొదలెట్టేశాడు. యముడూ చిత్రగుప్తుడూ భూలోకానికి దిగడం, సత్యనారాయణగారి గర్జన, అల్లు రామలింగయ్యగారి గొంతు, రామారావుగారి చెయ్యూపు, అన్నీ తనే! స్టీరింగు ఒక చేత్తోనే పట్టుకున్నాడు, నాకు గుండె దడ. రెండు చేతులూ పెట్టరా అన్నాను, వినలేదు. వెనక సీట్లో మాస్టారు మొదట కిటికీలోంచి బయటికే చూశారు. తర్వాత ముందుకి వంగారు. అవనిగడ్డ సెంటర్లో టీకి ఆపితే డ్రైవరు కథ ఆపి దిగబోయాడు.

"టీ తర్వాత తాగుదువుగానీ" అని వాడి భుజం పట్టుకున్నారు మాస్టారు. "ఆ తర్వాతేమైంది, చెప్పు."