గురక వెనక గుట్టు

“మావారికి పడుకుంటే చాలు, గురకే గురక! అంత హాయిగా నిద్రపోతారు” అని నవ్వుతూ చెప్పుకునే ఇల్లాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. గురక పెట్టే వాళ్ళందరికీ జబ్బున్నట్టు కాదు. కానీ ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపు చప్పుడే లేకుండా ఉండి, ఆ తర్వాత ఉక్కిరిబిక్కిరైనట్టు మళ్ళీ మొదలవుతోందా? అయితే అది హాయి నిద్ర కాదు. డాక్టర్లు దీన్ని ‘స్లీప్ ఆప్నియా’ అంటారు. నిద్రలో ఊపిరి ఆగిపోవడం అన్నమాట.

నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారుతుంది. గాలి వెళ్ళే దారి ఇరుకైతే గురక వస్తుంది. మూసుకుపోతే ఊపిరే ఆగుతుంది, 10 సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు. ఒంట్లో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఊపిరి ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు 5 నుంచి 15 సార్లయితే కొద్దిపాటిది, 30 వరకూ ఓ మోస్తరు, అది దాటితే తీవ్రమైనదని లెక్క. తెల్లారేసరికి ఇవేవీ ఆ మనిషికి గుర్తుండవు. పక్కన పడుకున్న మీకే తెలుస్తుంది.

పొద్దున్నే తలనొప్పి, నోరు పిడచకట్టుకుపోవడం, పగలు కునికిపాట్లు, చిరాకు, మతిమరుపు దీని గుర్తులు. పట్టించుకోకపోతే రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. బండి నడిపేవారికైతే ఒక్క కునుకు చాలు, ప్రాణం మీదికి రావడానికి.

మరి మన సంగతో? ముట్లుడిగాక ఆడవాళ్ళలోనూ ఈ జబ్బు ఎక్కువవుతుంది. మనకు గురక అంత గట్టిగా రాకపోవచ్చు. నీరసం, సరిగా నిద్రపట్టకపోవడం, దిగులు, ఇలా బయటపడుతుంది. ‘ఇంటి చాకిరీ కదా, అలసట మామూలే’ అని సరిపెట్టుకుంటాం. ఒక రాత్రి మీ అమ్మాయినో అక్కనో పక్కన పడుకుని గమనించమనండి.

దీనికీ పళ్ళ డాక్టరుకీ ఏమిటి సంబంధం అంటారా? అరిగిన పళ్ళు, నాలుక అంచున పంటి గాట్లు, ఇరుకైన అంగిలి, వెనక్కున్న కింది దవడ చూసి ఆయన అనుమానించగలరు. అయితే అనుమానం వేరు, నిర్ధారణ వేరు. ముందుగా ఊపిరితిత్తుల డాక్టరుకో, ఈఎన్‌టీ డాక్టరుకో చూపించి, రాత్రి నిద్రలో చేసే ‘స్లీప్ స్టడీ’ పరీక్ష చేయించుకోవాలి.

జబ్బు తీవ్రంగా ఉంటే మొదట చెప్పేది సీప్యాప్ మిషన్. ముక్కుకు తగిలించుకున్న మాస్కు ద్వారా గాలిని వత్తిడితో పంపి, దారి మూసుకుపోకుండా చూస్తుంది. ఆస్ట్రేలియా డాక్టర్ కోలిన్ సల్లివన్ బృందం 1981లో దీన్ని లోకానికి తెలిపింది. జబ్బు కొద్దిగానో ఓ మోస్తరుగానో ఉన్నవారికీ, మాస్కుతో నిద్రపట్టని వారికీ పళ్ళ డాక్టరు అచ్చు తీసి నోట్లో పెట్టుకునే ట్రే చేసిస్తారు. అది కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరిపి ఉంచుతుంది. దాంతో నాలుక వెనక్కి జారదు, గాలికి దారి దొరుకుతుంది.

మొదట్లో చొంగ కారడం, పొద్దున్నే దవడ నొప్పి మామూలే. కొన్నేళ్ళకు పళ్ళ వరస కొద్దిగా మారవచ్చు కనుక మధ్యమధ్య డాక్టరుకు చూపిస్తూ ఉండాలి. పళ్ళు కదులుతున్నా, చాలా ఊడిపోయినా ఇది కుదరకపోవచ్చు. గురక తగ్గింది కదా అని ఊరుకోకండి. ట్రే పెట్టుకుని మళ్ళీ పరీక్ష చేయిస్తేనే అది పనిచేస్తోందో లేదో తెలిసేది. రోజూ చన్నీళ్ళతో, మెత్తని బ్రష్షుతో కడగండి. వేణ్ణీళ్ళలో వేస్తే వంకర పోతుంది.

వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం, రాత్రి మందు మానేయడం కూడా మేలు చేస్తాయి. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేసుకోవద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ‘గురక పెడుతున్నారండీ’ అని ఊరుకోకండి. ‘ఊపిరి ఆగుతోంది, ఇంతసేపు ఆగుతోంది’ అని చెప్పండి. వీలైతే ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి. నిద్రపోయే మనిషి చెప్పలేనిది మీరే చెప్పాలి మరి!