కడుపులోని కనబడని పనివారు



గత వర్షాకాలంలో మా సంఘంలోని ఒక తల్లి, విరేచనాలతో వాడిపోయిన బిడ్డను ప్రార్థనకు తెచ్చింది. "నీళ్లు పడితే ఇంకా ఎక్కువవుతాయని మా అత్తమ్మ చుక్క కూడా పట్టనివ్వలేదు అయ్యగారూ" అంటూ ఏడ్చింది. ప్రార్థించి, ఓఆర్ఎస్ చెంచాతో పట్టిస్తూ ఆసుపత్రికి తీసుకొని వెళ్లాము. దేవుని కృపవలన బిడ్డ బ్రతికాడు.

అసలు ఆ నీరు ఎక్కడనుండి వస్తుంది? పెద్దవారిలో చిన్న ప్రేగు పొడవు సుమారు 6 మీటర్లు. దాని లోపలి పొర క్రింద నరాల కణాలు వలవలె అల్లుకొని ఉన్నాయి. 1857లో మైస్నర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఈ వలను గూర్చి వ్రాశాడు. లోపలి పొర ఎంత నీరు ఊరించాలో, అక్కడికి ఎంత రక్తం పారాలో చూచేది ఈ కణాలే. ప్రతి చిన్న పనికీ మెదడు ఆజ్ఞ కొరకు ఇవి కనిపెట్టవు. మనం తిని నిద్రపోయినా వాటి పని ఆగదు. సృష్టికర్త జ్ఞానము ఎంత గొప్పది!

అయితే కలరా క్రిమి విడిచే విషం ప్రేగు పొరను, ఈ నరాలను కూడా రెచ్చగొడుతుంది. మేలు కొరకు ఊరవలసిన నీరు హద్దు దాటి, ఉప్పుతో సహా వరదలా పోతుంది. అది మన రక్తంలోని నీరే. త్రాగడం మానినంత మాత్రాన ఆ వరద ఆగదు, ఒళ్లు ఎండిపోతుంది.

కాని ఒక ద్వారం అప్పుడు కూడా మూయబడదు. చక్కెర, ఉప్పు కలిసి ప్రేగు పొరలోనికి వెళ్లే ద్వారమది. వాటి వెంట నీరు వెళ్తుంది. ఓఆర్ఎస్ రహస్యం ఇదే. ప్యాకెట్టుపై వ్రాసిన కొలత ప్రకారం శుభ్రమైన నీటిలో కలపండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీటికి 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి వేయండి. తల్లిపాలు మానవద్దు. కళ్లు గుంటలు పడినా, మూత్రం రాకున్నా, మలంలో రక్తం కనబడినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఆ అత్తగారిని నిందించవద్దు. ఆమె చేసింది ప్రేమతోనే. ఫిలిప్పీ సంఘస్థుల ప్రేమ తెలివితో కూడి అభివృద్ధి పొందాలని పౌలు ప్రార్థించాడు గదా! తెలివి లేని ప్రేమ, విషం రెచ్చగొట్టిన ఆ నరాలవలె, మేలు చేయబోయి కీడు చేస్తుంది. ఇప్పుడు మా వీధిలో ఏ బిడ్డకు విరేచనాలైనా ముందుగా చెంబు, చక్కెర పట్టుకొని వెళ్లేది ఆమే.

ప్రభువా, మా ప్రేమకు తెలివిని దయచేయుము. ఆమేన్.