వెలుగు పేరిట అంగడి



వేసవి ముదరకముందే దినపత్రిక మడతల్లోంచి రంగుకాగితాలు రాలిపడుతున్నాయి. ఎండకు చెడిన ముఖానికి కాంతిచికిత్స, నాలుగు విడతల్లో తెల్లని మేనిఛాయ అట! ఇందులో మాటల గారడీ ఉంది. ఎండవల్ల దెబ్బతిన్న చర్మం వేరు, పుట్టుకతో వచ్చిన చామనచాయ వేరు. మొదటిదానికి వైద్యం ఉంది; రెండవది అసలు రోగమే కాదు. రెంటినీ ఒకే గాటన కట్టి అమ్ముకోవడమే ఈ వ్యాపారం.

కాంతివైద్యాన్ని నేను తూలనాడటం లేదు. చర్మక్షయకు కాంతితో చికిత్స చేసినందుకే నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమానం వచ్చింది. ఎండవల్ల ముఖంమీద లేచే గరుకు పొరలు కొన్ని క్యాన్సరుగా మారవచ్చు. వాటిమీద మందు పూసి నీలికాంతి ప్రసరింపజేసే పద్ధతికి అమెరికాలో 1999లో అనుమతి లభించింది. సంజ్ఞాదేవి తాళలేకపోతే విశ్వకర్మ సూర్యుణ్ణి సానపట్టాడని పురాణకథ. లేజరూ ఆ కోవలోదే, ఒక్క తరంగదైర్ఘ్యపు వెలుగునే పంపుతుంది. ఐపీఎల్ (క్రికెట్టు కాదు సుమా!) అలా కాదు. సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల కాంతిని కలగలిపి కొట్టే దీపమది. వడపోత అద్దాలు మార్చి దానిని అదుపులో పెట్టడం తెలిసినవాడి పని.

మచ్చలోని మెలనిన్ ఆ కాంతిని పీల్చుకొని వేడెక్కి చితుకుతుంది. ఇదీ కీలకం. అయితే అది మచ్చలోని మెలనినా, మన ఛాయలోని మెలనినా అన్న తారతమ్యం యంత్రానికి తెలియదు. తెల్లవారి ముఖంమీద మచ్చ ఒక్కటే నల్లన. మనకు చర్మమంతటా ఆ వర్ణకమే. ఫిట్జ్‌పాట్రిక్ తరగతులలో మనం చాలామందిమి నాలుగు, ఐదులలోనివారం. కొలత తప్పితే కాలుతుంది, కాలినచోట మరింత నల్లబడుతుంది. మంగు సంగతి చెప్పనే అక్కరలేదు, వేడి తగిలితే రెచ్చిపోతుంది.

నా పూర్వవిద్యార్థిని ఒకామె, ఇప్పుడు తానూ ఉపాధ్యాయినే, మంగుకని ఒక సౌందర్యశాలలో ఈ దీపం పెట్టించుకొంది. బుగ్గలమీద నలుచదరపు మచ్చలు తేలాయి, యంత్రపు మూతి అచ్చు గుద్దినట్లు. అదేమని అడిగితే, "మీ చర్మం అలాంటిది మేడమ్" అన్నారట. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. ఆ చర్మం అలాంటిదని రుసుము పుచ్చుకొనే ముందు తెలియదా? చెవివెనుక చిన్న మేర పరీక్షించి చూస్తే చేయి అరిగిపోయేదా? చర్మవైద్యులు 1064 నానోమీటర్ల లేజరును నల్లని చర్మంమీద జాగ్రత్తగా వాడుతూనే ఉన్నారు. అలాగని అదీ నిరపాయం కాదు. చేతిలో విద్య ఉండాలి.

ఆస్ట్రేలియాలో 903 మందిని నాలుగున్నరేళ్లు గమనించిన పరిశోధన 2013లో వెలువడింది. నిత్యం సన్‌స్క్రీన్ పూసుకొన్నవారిలో చర్మపు ముదురుతనం 24 శాతం తక్కువగా కనబడింది. ఆ లేపనమూ ఒక గొడుగూ కలిపినా ఆ దీపపు విడత ఖర్చు కాదు. కాబట్టే రంగుకాగితాలలో వాటికి చోటు లేదు.

అయ్యా, ప్రకటనకర్తలారా! మీ యంత్రపు తరంగదైర్ఘ్యమూ, దానిని పట్టుకొనే వ్యక్తి చదువూ కూడ ఆ కాగితంమీద అచ్చువేయించండి. జాగా చాలకపోతే ఆ పాలరంగు నటి బొమ్మను కాస్త చిన్నది చేయండి.